జానెడు సముద్రం

మా ఊళ్ళో విమానం టికెట్లమ్మే ఆఫీసు గోడ మీద సముద్రం ఇప్పటికీ జానెడు తక్కువే ఉంది. తగ్గించింది మా బావ, అంటే మా అక్క మొగుడు. తప్పు తెలిశాక తనే వెళ్ళి, సరిచేసి పెడతాను, కూలి కూడా అక్కర్లేదని అడిగాడు. యజమాని చేతులు అడ్డం పెట్టేశాడు. "ఇన్నేళ్ళుగా దగ్గరదగ్గరగా ఉన్న ఊళ్ళని ఇప్పుడొచ్చి విడదీస్తావా? నీకిదేం బుద్ధయ్యా!" అని కసిరాడు. అందుకని అది అలాగే ఉండిపోయింది.

మా బావది గోడలకు పూల కాగితాలు అంటించే పని. తీగలైనా, చారలైనా, ఏ డిజైనైనా సరే, ఒక కాగితం పక్కన ఇంకొకటి ఆయన అంటించాడంటే అతుకెక్కడుందో దేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు. ఆయన గర్వమంతా అక్కడే ఉంది. మిగతా విషయాల్లో ఉత్త అమాయకుడని మా అక్క అంటుంది. నేనైతే ఇంకో మాట అంటాను గానీ అచ్చులో బాగుండదు. నెత్తిన ఎప్పుడూ గుడ్డ టోపీ ఉంటుంది. జిగురు జుట్టులో పడకుండా పనిలో పెట్టుకోవడం మొదలెట్టి, పోనుపోను భోజనానికి కూర్చున్నా, ఫోన్లో మాట్లాడినా తియ్యడం మానేశాడు.

ఆయనకొక వింత గుణం ఉంది. ఎంతసేపో ముందే చెబితే ఎంతటి కష్టాన్నయినా కిక్కురుమనకుండా భరిస్తాడు. చెప్పినదానికన్నా ఒక్క నిమిషం ఎక్కువైందా, ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాదు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి "ఎంతసేపు?" అని అడిగాడు. పళ్ళ డాక్టరు మాటవరసకి "పది నిమిషాలు" అన్నాడు. పది నిమిషాలూ బావ బిగుసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత నోట్లో పట్టకారుతో సహా లేచి చెప్పులేసుకున్నాడు. డాక్టరు కూడా పట్టుదల మనిషి, పట్టకారు వదల్లేదు. ఇద్దరూ కలిసే మెట్లు దిగారు. పన్ను బస్టాపు దగ్గర ఊడింది.

ఇక సముద్రం సంగతి. పాతికేళ్ళ కిందట, ఆయనకింకా పెళ్ళికాని రోజుల్లో, టికెట్ల ఆఫీసు యజమాని గోడంత ప్రపంచపటం తెప్పించి, అంటించడానికి బావని పిలిపించాడు. కొనేముందు గోడ కొలిచాడు గానీ మూలనున్న స్తంభం మాట మర్చిపోయాడు. తీరా పరిచి చూస్తే పటం గోడకన్నా జానెడు పొడుగు. "ఏం చేస్తావో నాకు తెలియదు. ఒక్క ఊరు కూడా పోవడానికి వీల్లేదు. ప్రతి ఊరూ నాకు గిరాకీ" అని చెప్పి యజమాని భోజనానికి వెళ్ళిపోయాడు.

బావ చాలాసేపు ఆలోచించాడట. ఎడమ అంచు కోస్తే ఊళ్ళు పోతాయి, కుడి అంచు కోసినా ఊళ్ళు పోతాయి. సముద్రంలో మాత్రం, అవతలి తీరానికి కాస్త ఇవతల, జానెడు వెడల్పున నీలం, ఊళ్ళు లేని మూడు చుక్కలంత దీవులు తప్ప ఏమీ లేదు. కాగితాలవాడికి అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? పైనుంచి కిందదాకా నిటారుగా కోశాడు. ఆ ముక్కని చుట్టచుట్టి సంచీలో పెట్టుకుని, అవతలి తీరాన్ని దగ్గరికి లాగి, నీలానికి నీలం కలిపి అంటించేశాడు. యజమాని వచ్చి గోడంతా అరచేత్తో తడిమి చూశాడు.

"పటం సరిగ్గా సరిపోయిందే! అతుకులెక్కడయ్యా?" అన్నాడు.

"కనిపెడితే నా బ్రష్షు మీకిచ్చేస్తానండీ" అన్నాడు బావ.

ఆ బ్రష్షు ఇప్పటికీ బావ దగ్గరే ఉంది. సంచీలో పెట్టుకున్న ముక్క మంచి దళసరి కాగితం, పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇంటికి తెచ్చి, నూనె చిట్లి గోడ పాడవకుండా, పొయ్యి పక్కన నిలువుగా అంటించాడు. దాని మీద సరిగ్గా మూడు చిన్న డబ్బాలు పట్టే చెక్క బిగించాడు. ఉప్పు, చక్కెర, టీపొడి. తర్వాత కాపరానికొచ్చిన మా అక్కకి ఉప్పు డబ్బా పక్కన కాగితం మీద మూడు చుక్కలు కనిపించాయి. నూనె మరకలనుకుని తడిగుడ్డతో రుద్దింది. రెండు చుక్కలు మిగిలాయి, మూడోది సగం పోయింది.

టికెట్ల ఆఫీసులో కొలతలన్నీ దారంతోనే. పటం పక్కన మేకుకి ఒక దారం వేలాడుతూ ఉంటుంది. ఎవరైనా వచ్చి ఫలానా ఊరికి ఎంతసేపు పడుతుందని అడిగితే, యజమాని దారం ఒక కొస మన ఊరి మీద, రెండో కొస ఆ ఊరి మీద పెట్టి బిగలాగుతాడు. జానెడు దారానికి మూడు గంటలు. అది ఆయన కనిపెట్టిన లెక్క. నేల మీదుగా వెళ్ళే ఊళ్ళకి నిమిషం తేడా లేకుండా సరిపోయేది. కంప్యూటర్లొచ్చాక కూడా ఆయన మారలేదు. "కంప్యూటరేమన్నా విమానమెక్కిందా?" అనేవాడు. దారం మాత్రం ఎప్పుడెక్కిందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సముద్రం దాటి వెళ్ళొచ్చినవాళ్ళు మాత్రం గొడవకొచ్చేవాళ్ళు. "ఆరు గంటలన్నావు, తెల్లార్లూ అందులోనే ఉన్నాం" అని ఎగిరిపడేవాళ్ళు. "అక్కడి గడియారం వేరు, ఇక్కడి గడియారం వేరు. అది మీకర్థం కాదులెండి" అని యజమాని వాళ్ళని చల్లబరిచేవాడు. నిజంగానే ఎవరికీ అర్థమయ్యేది కాదు. టికెట్టు మీద బయల్దేరే టైము మన ఊరిది, దిగే టైము ఆ ఊరిది. రెంటికీ మధ్య ఎంతో తేల్చుకునే ఓపిక ఎవరికుంది? విమానమెక్కాక పైలట్ వేరే మాట చెబితే దానికీ ఆయన దగ్గర జవాబుంది. "పైలట్లు ఎప్పుడూ పెంచి చెప్తారండీ, ముందే దింపితే మనం మెచ్చుకుంటామని." సముద్రం దాటేవాళ్ళు పుట్టుకతోనే తగాదాకోర్లని ఆయన గట్టి నమ్మకం.

ఇప్పుడు వదిన గురించి చెప్పాలి. వదినంటే బావకి సొంత అక్క. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. "వీణ్ణి పెంచేసరికే పిల్లల సరదా తీరిపోయింది" అని పెళ్ళి కూడా చేసుకోలేదు. బట్టలు ఇస్త్రీ చేసి బతికేది. పటం అంటించిన మరుసటి నెలలో, అవతలి తీరంలో ఉన్న ఒక పెద్ద హోటల్ వాళ్ళు, దుప్పట్లూ తెరలూ ఇస్త్రీ చేసేవాళ్ళందరి మీదా పెద్దగా రమ్మని పిలిచారు. ఆవిడకి తమ్ముణ్ణి వదిలి వెళ్ళడం ఇష్టంలేదు.

"దగ్గరైతేనే వెళ్తానురా. ఎంతసేపో నువ్వే కనుక్కుని చెప్పు" అంది.

బావ ఆఫీసుకెళ్ళి, యజమానిని పక్కకి జరిపి, తన చేత్తో తనే దారం పెట్టి కొలిచాడు. రెండు జానలొచ్చింది. పరుగున ఇంటికొచ్చి, "ఆరు గంటలే అక్కా! పొద్దున ఎక్కితే సాయంత్రానికి చేరిపోవచ్చు" అన్నాడు. జానెడు ముక్క అప్పటికే ఆయన వంటింట్లో ఉప్పు డబ్బా వెనక ఉంది. ఆ ముక్కకీ ఈ దారానికీ ఏదైనా సంబంధం ఉంటుందని ఆయనకి తట్టలేదు. ఆయన దృష్టిలో అది సముద్రం కాదు, మిగిలిపోయిన కాగితం. వదిన ఆ మాట పట్టుకుని వెళ్ళింది.

బావ పెళ్ళికి ఒక్కసారి వచ్చింది. అప్పుడు ఆయన జుట్టు నుదుటి మీద పడుతుంటే పైకి తోస్తూ ఉండేది. మళ్ళీ రాలేదు. హోటల్లో సెలవు దొరకదు, దొరికినప్పుడు మోకాళ్ళు సహకరించవు. బావ వెళ్దామంటే ఆయనకి నీళ్ళంటే చచ్చే భయం. ఎప్పుడు ఫోన్ చేసినా వదిన చివర్లో ఒకే మాట అనేది. "ఆరు గంటలే కదరా, ఎప్పుడైనా రావచ్చులే." ఎప్పుడైనా రావచ్చు కాబట్టి బావ ఎప్పుడూ వెళ్ళలేదు.

ఈమధ్య ఆవిడ కళ్ళకి పొరలొచ్చాయి. ఫోన్లో తమ్ముడి ముఖం చూపించినా టోపీ ఒక్కటే మసగ్గా తెలిసేదట. ఇంకా ఆలస్యం చేస్తే కత్తి పెట్టినా లాభం లేదన్నాడు డాక్టరు. ఆవిడ మొండికేసింది. "తమ్ముడు పక్కనుంటేనే కళ్ళ మీద చెయ్యి వెయ్యనిస్తాను" అంది. డాక్టరు ఒక రోజు ఇచ్చాడు. అది దాటితే ఆయన చాలా నెలలు పరదేశం వెళ్ళిపోతాడు.

బావ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి దారం కొలిపించుకుని వచ్చి, "ఆరు గంటలు భరిస్తాను. ఆరు వరకూ నాది పూచీ" అని ప్రకటించాడు. మా అక్కకి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. నాది తాళంచెవులు చేసే కొట్టు, ఎవర్నీ అడిగే పనిలేదు. "ఈయన్ని ఒంటరిగా పంపితే మనిషి తిరిగి రాడే. నువ్వు తోడు వెళ్ళు" అని అక్క నన్ను అంటగట్టింది.

విమానమెక్కగానే బావ చెవుల్లో దూది పెట్టుకుని, బెల్టు బిగించుకుని, చేతి గడియారం మీద చూపు నిలిపాడు. పైలట్ ఏం చెప్పాడో ఆయన వినలేదు. నేను విన్నాను గానీ పెంచి చెప్తున్నాడనుకున్నాను. అబద్ధమెందుకు, నేనూ ఆ ఊరిదాన్నే. ఆయన తిండి ముట్టలేదు, నీళ్ళు తాగలేదు, ఎదుటి కుర్చీ వెనకున్న తెర మీద నా చున్నీ కప్పించాడు. నాలుగో గంటలో నేను చున్నీ ఎత్తి చూస్తే, చేరడానికి ఇంకా అయిదు గంటలని రాసుంది. మళ్ళీ కప్పేసి నోరు మూసుకున్నాను.

ఆరు గంటలు నిండాయి. బావ చెవుల్లోంచి దూది తీశాడు, బెల్టు విప్పాడు, పైనుంచి సంచీ దించుకున్నాడు, వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎయిర్ హోస్టెస్ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ? మీ సీట్లో కూర్చోండి."

"నా టైమైపోయిందమ్మా. దిగిపోతాను."

"ఇప్పుడెలా దిగుతారండీ? ఇంకా మూడు గంటలుంది."

"మా ఊరి దారం ఆరంది" అన్నాడు బావ.

ఆ అమ్మాయి దారమంటే ఏమర్థం చేసుకుందో గానీ, ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంతలో ఇంకో వింత. ఒక పెద్దాయన లేచి సంచీ దించుకుని బావ వెనక నిలబడ్డాడు. ఆయన వెనక ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ వెనక ఒక లావుపాటావిడ, ఆవిడ వెనక కాళ్ళ నొప్పులంటూ అప్పటిదాకా కదలని ముసలమ్మ. చూస్తూండగానే వరస విమానం తోకదాకా పాకింది. అందరూ మా ఊరివాళ్ళే. అందరికీ టికెట్లిచ్చింది మా దారం యజమానే. ఎవరి గడియారం వాళ్ళు హోస్టెస్‌కి చూపిస్తున్నారు. లావుపాటావిడ "ఇదిగో ఇలాంటివాళ్ళ వల్లే విమానాలు ఆలస్యమవుతాయి" అని ఎవర్ని తిట్టాలో తెలియక నన్ను తిట్టింది.

"పోనీ వెనక్కి తిప్పమనమ్మా. ఇంటికెళ్ళిపోతాను" అన్నాడు బావ. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"వెనక్కి వెళ్ళాలంటే ఆరు గంటలండీ, ముందుకి మూడే."

"ఆ ఆరైతే నాకు తెలుసు. ఈ మూడూ ఎక్కణ్ణించి వచ్చాయో నాకు తెలియదు."

హోస్టెస్ తన పైన ఉండే పెద్దావిణ్ణి పిలుచుకొచ్చింది. ఆవిడ గట్టిగానే చెప్పింది. "చూడండి, మీరిలా తలుపు దగ్గరే ఉంటే, దిగగానే మిమ్మల్ని పోలీసులకి అప్పగించాలి. అది మా రూలు." అవతల ఆస్పత్రిలో వదిన పొద్దుటినుంచీ పచ్చిమంచినీళ్ళు ముట్టకుండా ఎదురుచూస్తుంటుంది. మేం తిన్నగా అక్కడికే వెళ్ళాలి. ఈయన పోలీస్ స్టేషన్లో కూర్చుంటే ఆవిడ డాక్టర్ని దగ్గరికి రానివ్వదు, ఆవిడ కళ్ళు ఇక అంతే. బావ చొక్కా పట్టుకుని బరబరా లాక్కొచ్చి సీట్లో కుదేశాను. తెర మీది చున్నీ పీకి పారేశాను.

"కళ్ళు తెరిచి చూడు బావా! ఇదిగో మనం, ఇదిగో మీ అక్క ఊరు. మధ్యలో ఇంకా ఇంత సముద్రముంది. విమానం దీన్ని దాటాలా వద్దా?"

బావ చూశాడు. తెర మీద నీలంలో చిన్న తెల్ల విమానం, దాని ముక్కు ముందు మూడు చుక్కలు. ఆయన ముందుకు వంగి, వేలితో మూడో చుక్కని తడిమాడు.

"ఇది మీ అక్క తుడిచేసింది కదే!" అన్నాడు.

నాకర్థం కాలేదు. ఆయన తెర మీద జాన పెట్టి కొలిచినట్టు వేళ్ళు చాపి, అవతలి తీరందాకా నెమ్మదిగా జరిపాడు. తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

"ఇదంతా మన వంటింట్లో ఉందే. ఇక్కడ ఉప్పు డబ్బా. ఇక్కడ చక్కెర. టీపొడి దాటితే నేల. ఈ సముద్రాన్ని కోసింది నేనే."

రోజూ టీ పెట్టుకుంటూ ఆయన ఆ నీలాన్ని ఇన్నేళ్ళు చూశాడు. ఎక్కడ రంగు ముదురో, ఎక్కడ పలచనో ఆయనకి కంఠతా వచ్చు. తెలిసిన గోడ కనపడగానే ఆయన భయం సగం దిగిపోయింది. మూడు గంటలంటే ఏమిటో ఇప్పుడు కొలత తెలిసింది కదా. లేచి వరసకేసి తిరిగి, "ఉప్పు, చక్కెర, టీపొడి. మూడు డబ్బాలు, డబ్బాకి గంట. అంతే. వెళ్ళి కూర్చోండి" అని అరిచాడు. హోస్టెస్ ఎంత బతిమాలినా కదలని మా ఊరివాళ్ళు ఆ మాటకి గొణుక్కుంటూ వెళ్ళి కూర్చున్నారు. ఆ తర్వాత వెనకనుంచి ఎవరో ఒకరు కేకేస్తూనే ఉన్నారు. "ఎక్కడున్నామండీ?" "చక్కెరలో ఉన్నాం" అని బావ జవాబు. లావుపాటావిడ మాత్రం టీపొడి ఇంకా రాలేదేమని హోస్టెస్‌ని నిలదీసింది. ఆ అమ్మాయి పాపం టీ తెచ్చిచ్చింది.

అంతసేపూ బావ ధైర్యంగానే ఉన్నాడు. టీపొడి సగంలో ఉండగా ఉన్నట్టుండి ఏడుపు మొదలెట్టాడు.

"దగ్గరైతేనే వెళ్తానందే. నా మాట నమ్మి వెళ్ళింది. అక్కని నేనే అంత దూరం పంపేశాను."

నోటికొచ్చినట్టు వెక్కిరించే నేను ఆ మనిషి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆస్పత్రిలో వదినకి అప్పటికే ఆకుపచ్చ గౌను తొడిగి చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. మసక కళ్ళతో మా వైపు తిరిగి, టోపీని బట్టి తమ్ముణ్ణి గుర్తుపట్టింది. పలకరింపులూ అవీ ఏమీ లేవు. బావ మంచం కోడు పట్టుకుని గడగడా చెప్పేశాడు.

"అక్కా, ఆరు కాదే. తొమ్మిది. నేనే సముద్రం కోసేశాను. తెలియక చెప్పాను."

"తెలుసురా" అంది వదిన.

"ఎప్పుడు తెలిసింది?"

"వచ్చిననాడే. ఆరు గంటలు కాగానే సంచీ దించుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు."

బావ మంచం కోడు వదిలేశాడు.

"మరి ఇన్నేళ్ళూ ఆరే ఆరే అన్నావేంటే?"

"తొమ్మిదని చెబితే నువ్వు ఎక్కుతావా? ఆరని అంటూ ఉంటే ఎప్పటికైనా వస్తావని." ఆవిడ చెయ్యి చాపి ఆయన టోపీ తడిమింది. "పద పద, డాక్టరొస్తున్నాడు. టోపీ సరిగ్గా పెట్టుకో."

డాక్టరు రాగానే బావ అలవాటు కొద్దీ అడిగేశాడు. "ఎంతసేపు పడుతుందండీ?"

"అరగంట" అన్నాడాయన, నవ్వుతూ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వదినని లోపలికి తీసుకెళ్ళారు. మేం బయట బల్ల మీద కూర్చున్నాం. అరగంట గడిచింది. తలుపు తెరుచుకోలేదు. బావ చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. నేను లేచి ఆయనకీ తలుపుకీ మధ్య నిలబడదామని సిద్ధంగా ఉన్నాను. ఆయన చేతి గడియారం విప్పి నా ఒళ్ళో పడేశాడు.

"నీ దగ్గరుంచు. టైమెంతైందో నాకు చెప్పకు" అన్నాడు.

అలాగే కూర్చున్నాడు. లోపల ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మర్నాడు కట్టు విప్పారు. వదిన రెప్పలార్పుతూ ముందు గోడని చూసింది, తర్వాత నన్ను చూసి "ఇది నువ్వేనటే, ఇంత నల్లబడ్డావు" అంది. అప్పుడు తమ్ముడి వైపు తిరిగింది. ఆవిడకి ముఖం బాగా కనపడాలని బావ టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. వదిన ఆయన్ని చూసింది. చూస్తూనే ఉంది.

"నీ జుట్టంతా ఏమైందిరా?" అంది.

"ఆ మూడు గంటల్లో పోయిందక్కా" అన్నాడు బావ.